చేపలకంటే ముందు పీట

మొన్న ఆదివారం పొద్దున పక్క పోర్షన్ అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. ఫోనులో చేపల తొట్టి ఫొటో. "అక్కా, బాబు బర్త్‌డేకి ఇది తెద్దామనుకుంటున్నం. మూడడుగులది. టీవీ పక్కన షోకేసు మీద జాగా ఖాళీగనే ఉన్నది, ఆడ పెడ్తె సరిపోతది కదా?" అని అడిగింది. తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టేశాను. "వద్దు చెల్లీ. కూర్చో, చాయ్ పెడతా, నిమ్మళంగా మాట్లాడుకుందాం" అన్నాను. గంటన్నర కూర్చున్నాం. ఆ ముచ్చటే మీతోనూ చెప్పుకోవాలనిపించింది. ఎందుకంటే తొట్టి కొనేటప్పుడు అందరం చేపల రంగు చూస్తాం, గులకరాళ్లు చూస్తాం, లోపల పెట్టే బొమ్మ చూస్తాం. దేని మీద పెట్టాలో మాత్రం ఆటో ఇంటిముందు ఆగాక ఆలోచిస్తాం.

ముందు బరువు సంగతి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే నాలుగున్నర ఘనపుటడుగులు. ఒక్కో ఘనపుటడుగులో 28 లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. అంచుదాకా పోస్తే 127 లీటర్లు, రెండంగుళాలు తగ్గించి పోసినా 110 దాటుతుంది. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. ఎనిమిది మిల్లీమీటర్ల అద్దమైతే ఖాళీ తొట్టే దాదాపు 28 కిలోలు. అడుగున పరిచే ఇసుక, రాళ్లు ఓ 15 కిలోలు. పైకప్పు, లైటు, మోటారు కలుపుకుంటే మొత్తం 165 కిలోలు. మనం నెలనెలా తెచ్చుకునే 25 కిలోల బియ్యం సంచులు ఆరున్నర! "ఆరున్నర సంచులు ఆ షోకేసు మీద పేర్చి నాలుగేళ్లు అట్లనే ఉంచుతావా?" అని అడిగాను. "అమ్మో" అంది. మన మలక్‌పేట గంజ్‌లో ఉల్లిగడ్డ బస్తా ఎత్తుకున్న హమాలీ కూడా లారీ దాకా నడిచి దించేస్తాడు. తొట్టి కింది చెక్కకు దించే వీల్లేదు. రాత్రీ పగలూ అదే బరువు మోస్తుంటే ఏడాదికేడాది కొంచెం కొంచెం కుంగుతుంది.

ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెప్తే మీకు బాధ కలుగుతుంది, అయినా చెప్తాను. మా మొదటి తొట్టికి అంగట్లో వాళ్లే స్టాండు ఇచ్చారు. పైన నున్నగా మెరిసే నల్లటి రేకు, లోపల రంపపు పొట్టును జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు. రెండేళ్లు బాగానే ఉంది. నీళ్లు మార్చినప్పుడల్లా నా మోచేతి నుంచి కారిన చుక్కలు అంచు వెంబడి లోపలికి దిగుతున్నాయని నేను గమనించలేదు. ఆ ఏడు వానాకాలంలో అంచు ఉబ్బింది, చాయ్‌లో ముంచిన బిస్కెట్టులా. ఓ రాత్రి రెండు గంటలప్పుడు హాల్లో టక్కుమని చప్పుడైంది. లేచి లైటు వేసేసరికి తొట్టి మూల నుంచి ఏటవాలుగా సన్నటి గీత, గీతలోంచి పిచికారీలా నీళ్లు. నేను, మా ఆయన తపేలాలు, బకెట్లు తెచ్చి చేతికందిన చేపల్ని అందినట్టు వేశాం. నాలుగు ఏంజెల్ చేపలు దక్కలేదు. మావాడికి అప్పుడు ఏడేళ్లు. తెల్లారిందాకా ఆ బకెట్ల మధ్యే కూర్చున్నాడు, అన్నం ముట్టలేదు. అద్దం పగిలిందని అందరూ అద్దాన్ని తిట్టారు. అద్దం తప్పు కాదు. అద్దానికి వంగడం చేతకాదు, కింద పలక వంగింది.

2020 అక్టోబరు వానల్లో మూసీ ఒడ్డు బస్తీల ఇళ్లల్లోకి నీళ్లొచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నీళ్లు తీసిన తర్వాత ఇళ్ల ముందు ఎండబెట్టిన సామాను చూస్తూ నడిచాను. అసలైన కర్రతో చేసిన మంచాలు, బెంచీలు కడిగి ఆరబెడితే మళ్లీ లోపలికి వెళ్లాయి. పార్టికల్ బోర్డు బీరువాలు మాత్రం పగిలిన పెసరట్టులా పొరలు విప్పుకుని వీధిలోనే మిగిలిపోయాయి. తొట్టి కింద ఏ చెక్క ఉండాలో నాకు ఆ రోజే ఖాయమైపోయింది.

మా అత్తగారు మాత్రం "మా కాలంల ఈ స్టాండ్ల గోలే లేకుండె" అంటారు. నిజమే. ఆస్మాన్‌గఢ్ గుట్ట దిగువన వాళ్ల పాత ఇంట్లో వాకిట్లో హౌజు ఉండేది. నడుం లోతు, చుట్టూ గచ్చు. నల్లా నీళ్లు అందులో నింపుకునేవారు. దోమలు గుడ్లు పెట్టకుండా చిన్న చేపలు వదిలేవారు. పిల్లలు గట్టు మీద బోర్లా పడుకుని మరమరాలు వేసేవారు. హైదరాబాదు పాత ఇళ్లల్లో, మసీదుల్లో హౌజులు, వాటిలో చేపలు కొత్త కాదు. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన బేగంపేటలోనే. ఇప్పటికీ చెరువుల్లో, గుంటల్లో దోమల పిల్లల్ని తినడానికి గంబూసియా చేపలు వదులుతూనే ఉన్నారు. అంటే మన ఊరికీ చేపకూ చుట్టరికం మృగశిర నాడు తినడంతో అయిపోయేది కాదు. హౌజు నేలలోనే ఉంది కాబట్టి భూమే మోసింది. ఇల్లు బిల్డరుకిచ్చి మూడో అంతస్తుకెక్కాం, చేపలూ మనతోపాటు పైకొచ్చాయి. ఇప్పుడు మోయాల్సింది మనం చేయించే చెక్కే.

ఆ పాత ఇల్లు కూల్చేటప్పుడు అత్తగారు ఒక్కటే అడిగారు, రెండు దర్వాజలు ఇవ్వమని. డెబ్బై ఎనభై ఏళ్ల టేకు. ఎవరికో అమ్మేస్తే పాత కలప దుకాణానికి పోయేవి. ఆరేళ్లు మా బాల్కనీలో గోనెపట్టా కప్పుకుని నిలబడ్డాయి. తొట్టి పగిలిన తర్వాత నెలకి మళ్లీ తొట్టి అనుకున్నప్పుడు వాటి మీదికి నా చూపు పోయింది. అత్తగారిని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గడప ముట్టుకోవద్దు. అది లక్ష్మి. పక్క నిలువులు తీస్కో" అన్నారు. ఆ గడప ఇప్పుడు దేవుడి గది ముందుంది.

మా వీధి వడ్రంగి చాచాకు కబురు పంపాం. అరవై దాటిన మనిషి. వచ్చి దర్వాజ నిలువును గోటితో గీకాడు, వాసన చూశాడు, "చేవ ఉంది బేటీ" అన్నాడు. చేవ అంటే చెట్టు నడిమి గట్టి భాగం. బయటి తెల్లచెక్కకు పురుగు పడుతుంది, నీళ్లు పీలుస్తుంది. నడిమి ముదురు రంగు చెక్కకు సహజంగానే నూనె ఉంటుంది, చెదలు త్వరగా పట్టవు. మనిషిలో చేవ ఉందని అనేది కూడా ఆ మాటతోనే కదా! పైగా అన్నేళ్లు ఎండిన కర్ర ఇక మెలి తిరగదు. కొత్తగా కోసిన పచ్చికర్రతో చేయిస్తే మన ఎండలకు ఒక్క వేసవిలో కీళ్లు విచ్చుకుంటాయి.

చిత్రిక పట్టే ముందు చాచా సంచిలోంచి పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం తీశాడు. దాన్ని నిలువు పొడవునా మెల్లగా జరుపుతూ పోయాడు. మూడు చోట్ల టక్కున అంటుకుంది. పైకి ఏమీ కనిపించదు, రంగు కింద తలలు విరిగిన మేకులు. ఏనాడో మామిడి తోరణాలు కట్టడానికి కొట్టినవై ఉంటాయి. ఒక్కొక్కటీ ఉలితో తవ్వి తీశాడు. "జల్దీ నక్కో" అని నవ్వాడు. తొందరపడితే చిత్రిక పదును అక్కడే పోయేదట. ఆ తర్వాత చిత్రిక నడుస్తుంటే ఉంగరాలు ఉంగరాలుగా పొట్టు రాలింది. ఎనభై ఏళ్ల పాత కర్ర లోపలి నుంచి కొత్త టేకు వాసన వచ్చింది. అత్తగారు వచ్చి గుప్పెడు పొట్టు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని లోపలికెళ్లిపోయారు.

ఇక పని సంగతులు. ఇవి రాసుకోండి, వడ్రంగితో మీరే మాట్లాడండి. "చేపల డబ్బాకి ఒక టేబుల్ చెయ్యి" అని ఇంట్లో మగవాళ్లు ఒక్క మాటలో చెప్పేసి డ్యూటీకి పోతారు. తర్వాత నీళ్లు మార్చేది, అద్దం తుడిచేది మనమే కదా.

నాలుగు కాళ్లు, రెండున్నర అంగుళాల చదరం. పైన చుట్టూ మూడంగుళాల వెడల్పు, అంగుళమున్నర మందం ఉన్న కర్రతో చట్రం. ఈ కర్రను పడుకోబెట్టకుండా నిలువు అంచు మీద నిలబెట్టి వేయించాలి. పెంకుటింటి దూలాలు, వాసాలు చూడండి, ఏదీ పడుకుని ఉండదు. అదే కర్ర, అదే ఖర్చు, నిలబెడితే కుంగకుండా ఆపే బలం నాలుగింతలు. ఇంకో మాట, చట్రం కాళ్ల తలల మీద కూర్చోవాలి. కాలి పక్కన ఆనించి స్క్రూ బిగిస్తే ఆరున్నర సంచుల బరువూ ఆ నాలుగు స్క్రూలే మోస్తాయి. చాచా కాళ్ల తలలకు కుసులు తీశాడు, చట్రంలో వాటికి సరిపడా బెజ్జాలు తొలిచాడు. కుసి బెజ్జంలోకి ఊరికే జారిపోతే వదులు, బలంగా కొడితేనే దిగుతుందంటే కర్ర చీలుతుంది. కొయ్యసుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ దించాడు. చివరి దెబ్బకు చప్పుడు మారింది, టకటక పోయి దబ్బుమంది. "బైఠ్ గయా" అన్నాడు. కూర్చుందట.

పక్కకు ఊగకుండా ఉండడం కూడా ముఖ్యమే. అగ్గిపెట్టె లోపలి డబ్బా తీసేసి పై తొడుగును వేలితో నెట్టి చూడండి, పడిపోతుంది. డబ్బా లోపల పెట్టి నెట్టండి, కదలదు. స్టాండుకి ఆ డబ్బా పని వెనక బిగించే పలక చేస్తుంది. మేము వెనక, రెండు పక్కలా ప్లైవుడ్ వేయించాం. ముందు తలుపులు పెట్టి లోపల మోటారు, మేత డబ్బా, జల్లెడ వల దాచుకున్నాం. తొట్టి కూర్చునే పై పలకకు 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్. షాపులో ఐఎస్ 710 ముద్ర చూపించమనండి. అది మరిగే నీళ్లల్లో ఉంచి పరీక్షించే రకం. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు బీరువాలకు వాడేది, తొట్టి కిందికి వద్దు.

ఎత్తు దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను. పాత స్టాండు 36 అంగుళాలు. దాని మీద తొట్టి పెడితే అంచు నాలుగున్నర అడుగులు. నాది అయిదడుగుల రెండంగుళాలు. లోపల చెయ్యి పెట్టాలంటే పీటెక్కాలి. తడి చేతులు, తడి పీట, పక్కనే కరెంటు ప్లగ్గు. ఎన్ని నెలలు అలా చేశానో తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. ఈసారి చాచాని పిలిచి, నేల మీద నిలబడి చెయ్యి కిందికి చాచాను. నా భుజం ఎత్తు కొలిపించాను. స్టాండు 27 అంగుళాలని తేలింది. ఇప్పుడు నిలబడి చెయ్యి ముంచితే వేళ్లు అడుగున ఉన్న ఇసుకకు తగులుతాయి. మీ ఇంట్లో ఎవరు కడుగుతారో వాళ్ల భుజం కొలవండి. హాల్లో చూసేవాళ్ల అందం తర్వాత.

పైకప్పు లేకుండా కూడా తొట్టి ఉంటుంది కదా అని చాలామంది అంటారు. చేపలు ఎగురుతాయి చెల్లీ. తెల్లారి లేచి నేల మీద ఎండిపోయిన చేపను చీపురుతో తీయాల్సి రావడం ఎంత పాపం! మా పైకప్పు ఎనిమిది అంగుళాల ఎత్తు పెట్టె, అడుగు లేనిది. ముందు పలక, పైపలక ముందు సగం కలిసి మడతబందు మీద పైకి లేస్తాయి. అంటే మూత ఎత్తగానే నేరుగా అద్దం అంచే చేతికి వస్తుంది, మధ్యలో చెక్క అడ్డు రాదు. మడతబందులు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించాం. ఇనుమైతే నెల రోజుల్లో తుప్పు చుక్కలు నీళ్లల్లో పడతాయి. ఇత్తడిలో రాగి ఉంటుంది, నీళ్లల్లోకి దిగే రాగి చేపలకు మంచిది కాదు, రొయ్యపిల్లలు పెంచితే అసలే వద్దు.

మూత గాలాడకుండా బిగించకండి. పైకప్పుకు వెనక పలక మొత్తం వదిలేశాం, పక్కల్లో వరసగా రంధ్రాలు వేయించాం. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరులో 9 మిల్లీగ్రాములు కరిగేది 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. మే నెలలో మన ఇళ్లల్లో ఫ్యాను కింద కూర్చున్న మనకే ఊపిరాడదు, మూతేసిన తొట్టిలో చేపల సంగతి ఆలోచించండి. మధ్యాహ్నం మూడింటికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ఆకలి కాదు. మూత ఎత్తిపెట్టి, గాలి మోటారు పెంచండి.

లోపలివైపు తెల్లరంగు మూడు పూతలు, బయట పీయూ పాలిష్. లక్క పాలిష్ మాత్రం వద్దు, నీటి ఆవిరికి తెల్లటి మచ్చలు పడుతుంది. రంగు ఆరాక కూడా వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి. మేము పదిహేను రోజులు బాల్కనీలో ఉంచాం. మావాడు రోజూ ఇస్కూలు నుంచి వచ్చి ముక్కు పెట్టి వాసన చూసేవాడు, "ఇంకా ఉందమ్మా" అనేవాడు.

చివరిగా నిలబెట్టడం. మా హాల్లో పాత అలవాటుగా షాబాదు బండలే వేయించాం. నేల కడిగితే నీళ్లు మోరీ వైపు పోవాలని బండలకు వాలు ఉంటుంది. కంటికి తెలియదు, రసమట్టం పెడితే బుడగ పక్కకు పోయింది. తొట్టి కింద అట్టముక్కలు పెట్టి సరిచేయడం పెద్ద పొరపాటు. సరిచేయాల్సింది స్టాండు పాదాల కింద. చాచా సన్నటి రేకు ముక్కలు కోసి రెండు పాదాల కింద దూర్చాడు. పాదాల కింద గ్రానైట్ ముక్కలు కూడా పెట్టాం, నేల తడి కర్రకు ఎక్కకుండా. పై పలక మీద అరంగుళం థర్మోకోల్ పరిచి దాని మీద తొట్టి దించాం. చెక్క మీద ఉండే చిన్న చిన్న ఎత్తుపల్లాలను అది మింగేస్తుంది. ముందు నాలుగంగుళాల నీళ్లు పోసి నాలుగు మూలలా స్కేలుతో కొలిచాం. నాలుగూ ఒక్కటే. మర్నాడు సగం, మూడో రోజు నిండా. వారం రోజులు ఖాళీ నీళ్లే. నేను రోజూ పొద్దున వంగి చట్రం మధ్యన దారం లాగి చూసేదాన్ని. వెంట్రుకవాసి కూడా కుంగలేదు.

కరెంటు సంగతి ఒక్కటే చెప్పి వదిలేస్తాను. ప్లగ్గు తొట్టి వెనక నేరుగా కింద ఉండొద్దు, పక్కకు ఉండాలి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ కింది వంపు దగ్గర నేల మీద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి. తొట్టి అంటే పిల్లలు చేతులు పెట్టే చోటు.

పక్క పోర్షన్ అమ్మాయి అంతా విని చాయ్ గ్లాసు కింద పెట్టింది. "మరి బర్త్‌డేకి ఏం చెయ్యాలక్కా? ఇంక పదిరోజులే ఉన్నది" అంది. పుట్టినరోజుకు బాబును చాచా దగ్గరికి తీసుకెళ్లి కొలతలు ఇప్పించమన్నాను. స్టాండు పని తన కళ్లముందు జరిగితే వాడికి తొట్టి మీద ప్రేమ రెండింతలవుతుంది. మావాడు చట్రం లోపలివైపు పెన్సిలుతో తన పేరు రాసుకున్నాడు, రంగు వేయనివ్వలేదు, ఇప్పటికీ ఉంది. ఆ అమ్మాయి సరేనంది. నిన్న సాయంత్రం ఆమె, బాబు ఇద్దరూ టేపు పట్టుకుని హాల్లో కొలుస్తుంటే కిటికీలోంచి చూశాను. ముందు తన భుజమే కొలుచుకుంటోంది.

ఇప్పటికే మీ ఇంట్లో తొట్టి షోకేసు మీదో, టీవీ బల్ల మీదో ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ఒక్కసారి వంగి చూడండి. పలక అంచుకు దారం లాగి పట్టుకోండి. మధ్యలో దారానికీ చెక్కకూ సందు కనిపిస్తే ఇవాళే నీళ్లు సగం తీసేయండి. స్టాండు వచ్చేదాకా సగం నీళ్లల్లో చేపలు బతుకుతాయి.